అమెరికా కాలేజీల్లో అవసరాన్ని బట్టి ఇచ్చే గ్రాంట్: లెక్క ఎలా కడతారు? బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఆగస్టు వచ్చిందంటే ఎవరో ఒకరు ల్యాప్‌టాప్, ఫారం 16 పట్టుకుని మా ఇంటికి వస్తారు. మా పాప డిగ్రీకి అమెరికా వెళ్లినప్పుడు కాలేజీ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం కోసం అడిగే ఫారాలన్నీ మేమే నింపుకున్నాం. అదే వాళ్ల ధైర్యం. అడిగే ప్రశ్నలు మాత్రం ప్రతిసారీ దాదాపు అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. రూపాయల లెక్కలన్నీ సులువుగా ఉండడానికి డాలరుకు 85 చొప్పున వేశాను.

## అసలు లెక్క ఏమిటి

మా వాడికి 96 శాతం వచ్చింది. గ్రాంట్ ఎక్కువ ఇస్తారా?

మార్కులు సీటు తెస్తాయి. అవసరాన్ని బట్టి ఇచ్చే గ్రాంట్ మొత్తాన్ని తేల్చేది మాత్రం మీ ఇంటి ఆర్థిక పరిస్థితే. మార్కుల కోసం ఇచ్చేది మెరిట్ స్కాలర్‌షిప్, అది వేరు. హార్వర్డ్, యేల్ వంటి చోట్ల మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు, ఇచ్చేదంతా అవసరం చూసే. కాబట్టి అక్కడ 96 వచ్చినా 99 వచ్చినా సీటు దొరికాక అందే డబ్బు ఒకటే.

సరే, ఎంత ఇవ్వాలో ఎలా తేలుస్తారు?

ఒక్క తీసివేతతో. ఏడాది మొత్తం ఖర్చులోంచి మీ కుటుంబం పెట్టుకోగలదని వాళ్లు అంచనా వేసిన మొత్తాన్ని తీసేస్తారు. మిగిలేది మీ అవసరం.

ఉదాహరణకు ఒక ప్రైవేటు కాలేజీ ఖర్చు ఇలా ఉందనుకుందాం: ట్యూషన్ 66,000 డాలర్లు, హాస్టల్ భోజనం కలిపి 18,000, పుస్తకాలు 1,000, ప్రయాణం, చేతిఖర్చులు 3,000. మొత్తం 88,000. మీ ఫారాలు చూసి మీరు 14,000 పెట్టుకోగలరని తేల్చారు. అవసరం 74,000. అందులో 3,000 క్యాంపస్ ఉద్యోగంతో పిల్లవాడే సంపాదించుకుంటాడని పక్కన పెట్టి, 71,000 గ్రాంట్ ఇస్తారు.

అవసరం మొత్తాన్నీ పూడ్చే కాలేజీలో జరిగేది ఇది. అన్ని కాలేజీలూ అలా పూడ్చవు. అవసరం 74,000 అని తేల్చి, 40,000 చేతిలో పెట్టి, మిగతాది మీరు చూసుకోండి అనేవే ఎక్కువ. అందుకే జాబితా తయారు చేసుకునేటప్పుడే కాలేజీ వెబ్‌సైట్‌లో "విదేశీ విద్యార్థుల అవసరాన్ని పూర్తిగా తీరుస్తాం" అన్న మాట స్పష్టంగా ఉందా లేదా చూడండి. అమెరికా పౌరులకు తీరుస్తామని రాసి, విదేశీయుల ఊసెత్తని కాలేజీలు చాలా ఉన్నాయి.

మా ఇద్దరి జీతం కలిపి ఏడాదికి 30 లక్షలు. మేం డబ్బున్నవాళ్ల కింద లెక్కా?

బెంగళూరులో 30 లక్షలంటే మంచి జీతమే. డాలర్లలో అది సుమారు 35,300. అమెరికా కాలేజీ లెక్కలో అది తక్కువ ఆదాయం కిందికే వస్తుంది. 2025–26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ లక్ష డాలర్ల లోపు ఆదాయం, మామూలు స్థాయి ఆస్తులు ఉన్న కుటుంబాల నుంచి ఏమీ ఆశించడం లేదు. ప్రిన్స్‌టన్‌లో ఆ గీత లక్షా 50 వేల డాలర్లు.

అయితే "మామూలు స్థాయి ఆస్తులు" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. జీతం 30 లక్షలే ఉండి, అద్దెకిచ్చిన ఫ్లాట్లు రెండు, ఊళ్లో పదెకరాలు ఉంటే లెక్క మారిపోతుంది.

మా బాబు అమెరికాలోనే పుట్టాడు. మేం 2012లో వెనక్కి వచ్చేశాం. వాడికి తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు వైపు ఇలాంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తమ పిల్లలకు ఈ హక్కు ఉందని వాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మీ బాబు అమెరికా పౌరుడు కాబట్టి ఫాఫ్సా అనే ప్రభుత్వ ఫారం నింపవచ్చు. తల్లిదండ్రుల పౌరసత్వంతో పని లేదు. మీకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి మీ వంతు నింపవచ్చు. ఆ ఫారం నుంచి స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్, అంటే ఎస్ఏఐ అనే అంకె వస్తుంది. 2024–25 నుంచి పాత ఈఎఫ్‌సీ (కుటుంబం పెట్టుకోగలదని అంచనా వేసే అంకె) స్థానంలో ఇదే వాడుతున్నారు. ఇది మైనస్ 1,500 వరకు కూడా పోవచ్చు. అంకె ఎంత తక్కువైతే సాయం అంత ఎక్కువ.

ఇక పెల్ గ్రాంట్. తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ డబ్బు. 2023–24 నుంచి దీని గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు, సుమారు 6.28 లక్షల రూపాయలు. తల్లీతండ్రీ ఇద్దరూ ఉన్న ఇంట్లో ఆదాయం అమెరికా పేదరిక రేఖకు 175 శాతం మించకపోతే పూర్తి మొత్తం వస్తుంది. ఒంటరి తల్లి లేదా తండ్రి అయితే 225 శాతం. 2024లో నలుగురున్న కుటుంబానికి ఆ రేఖ 31,200 డాలర్లు. దానికి 175 శాతమంటే 54,600, మన రూపాయల్లో సుమారు 46 లక్షలు. ఆదాయం అంతకు మించితే గరిష్ఠ మొత్తంలోంచి ఎస్ఏఐని తీసేస్తారు. ఎస్ఏఐ 3,000 వస్తే పెల్ 4,395.

ఒక జాగ్రత్త. కాలిఫోర్నియాలో పుట్టినంత మాత్రాన అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో స్థానికుల ఫీజు వర్తించదు. మీరు ఉంటున్నది బెంగళూరులో కాబట్టి బయటి రాష్ట్రం వాళ్ల ఫీజే. ఆ రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు కూడా సాధారణంగా అక్కడ నివాసం ఉన్నవాళ్లకే.

గ్రాంట్ అడిగితే సీటు రాదంటున్నారు. నిజమేనా?

కొన్నిచోట్ల నిజం, కొన్నిచోట్ల కాదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ కాలేజీలు, 2025లో చేరిన బ్యాచ్ నుంచి బ్రౌన్ కూడా, విదేశీ విద్యార్థి సీటు విషయంలో డబ్బు అడిగాడా లేదా అన్నది చూడవు. మిగిలిన కాలేజీల్లో ఎక్కువ భాగం చూస్తాయి. వాళ్ల దగ్గర విదేశీయుల కోసం ఉన్న నిధి కొంతే. అందులో మీ అవసరం ఎంత పెద్దదో అంత గట్టి పోటీ.

అలాగని అడగకుండా ఉండి, సీటు వచ్చాక చూద్దాంలే అనుకోవడం ప్రమాదం. కట్టలేని సీటు వచ్చి ఏం లాభం?

## ఫారాలు నింపేటప్పుడు

ఫాఫ్సా, సీఎస్ఎస్ ప్రొఫైల్: రెండూ నింపాలా?

భారతీయ పౌరులైన పిల్లలకు ఫాఫ్సా లేదు. వాళ్లకు సీఎస్ఎస్ ప్రొఫైల్, లేదా కాలేజీ సొంత ఫారం. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ప్రభుత్వ సాయానికి ఫాఫ్సా నింపాలి, కాలేజీ అడిగితే సీఎస్ఎస్ కూడా. సీఎస్ఎస్ అంటే కాలేజీలు తమ సొంత డబ్బు ఇవ్వడానికి చూసే ఆర్థిక వివరాల ఫారం, దాన్ని నడిపేది కాలేజ్ బోర్డ్ అనే సంస్థ. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. ఆ డబ్బు భారమైతే కాలేజీకి ఈమెయిల్ రాసి ఫీజు మినహాయింపు కోడ్ అడగండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఏ సంవత్సరం ఆదాయం చూపించాలి?

ఫాఫ్సాకు రెండేళ్ల వెనకటిది. 2026–27 చదువుకు 2024 ఆదాయం. వాళ్లది జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి ఆ క్యాలెండర్ సంవత్సరానికి దగ్గరగా ఉండే ఐటీ రిటర్న్ తీసుకోవాలి. సీఎస్ఎస్ ఇటీవలి ఆదాయాన్ని కూడా అడుగుతుంది. అందుకని మూడేళ్ల రిటర్న్‌లు, ఫారం 16లు, ఈ ఏడాది జీతం స్లిప్పులు ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే రాత్రిపూట వెతుకులాట తప్పుతుంది.

అంకెలు రూపాయల్లో వేయాలా, డాలర్లలోనా?

ఫాఫ్సాలో డాలర్లే. సీఎస్ఎస్‌లో మొదట్లోనే కరెన్సీ ఎంచుకోమంటుంది. రూపాయలు ఎంచుకుంటే చివరిదాకా రూపాయలే వేయాలి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటి చెబుతాను. ఒక ఆదివారం మా డైనింగ్ టేబుల్ దగ్గర ఒక తండ్రి ఫారం నింపుతున్నారు. పక్కన ఫారం 16, పట్టాదారు పాస్‌బుక్, చల్లారిపోయిన కాఫీ. కరెన్సీ దగ్గర డాలర్ అలాగే వదిలేసి, జీతం గడిలో 2840000 అని కొట్టారు. అంటే ఏడాదికి 28 లక్షల 40 వేల డాలర్లు. ఆయనకు ఆ గడిలో తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే ఆ అంకె ఆయన రోజూ చూసే అంకే. పక్కన కూర్చున్న కూతురు "నాన్నా, డాలర్ గుర్తు చూడు" అనకపోతే అలాగే వెళ్లిపోయేది. పంపే ముందు ప్రతి గడినీ ఇంకొకరు బయటికి చదివితే మీరు వినండి.

ఊళ్లో పొలం నా పేరు మీద ఉంది కానీ దాని మీద పైసా రాదు. రాయాలా?

రాయాలి. మీరు నివసించని పొలం పెట్టుబడి ఆస్తి కిందికి వస్తుంది. విలువ అంటే మీ వాటా విలువ మాత్రమే. అన్నదమ్ములు ముగ్గురి ఉమ్మడి ఆస్తి అయితే మూడో వంతు. దాని మీద బ్యాంకు అప్పుంటే తీసేయాలి.

భయపడాల్సినంత దెబ్బ కూడా కాదు. ఫాఫ్సా లెక్కలో తల్లిదండ్రుల ఆస్తి ఎస్ఏఐని పెంచేది ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. 80 లక్షల పొలమైతే ఏడాదికి మహా అయితే నాలుగున్నర లక్షలు. సీఎస్ఎస్ వాడే కాలేజీలు తమ సొంత సూత్రంతో లెక్కేస్తాయి. అక్కడ వివరణ రాసుకునే చోటు ఉంటుంది. "ఈ భూమి కౌలుకు కూడా పోవడం లేదు, నీళ్లు లేవు, అమ్మాలంటే అన్నదమ్ములందరి సంతకం కావాలి" అని ఉన్నదున్నట్టు రెండు వాక్యాలు రాయండి. పట్టాదారు పాస్‌బుక్ అంటే ఏమిటో అవతల చదివే ఆఫీసరుకు తెలియదు కదా.

ఉంటున్న ఫ్లాట్, పీఎఫ్, బంగారం కూడా లెక్కేస్తారా?

ఫాఫ్సా మీరు ఉంటున్న ఇంటిని, పీఎఫ్ లాంటి రిటైర్మెంట్ సొమ్మును లెక్కలోకి తీసుకోదు. ఒంటిమీది నగలు అడగదు. పెట్టుబడిగా కొన్న గోల్డ్ బాండ్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, ఎఫ్‌డీలు, అద్దెకిచ్చిన ఇల్లు లెక్కలోకి వస్తాయి. సీఎస్ఎస్ సొంతింటి విలువ, దాని మీది లోను కూడా అడుగుతుంది. దానికి ఎంత బరువు ఇవ్వాలన్నది కాలేజీ ఇష్టం.

పాప పేరు మీద 5 లక్షల ఎఫ్‌డీ వేశాం. మంచిదేనా?

ఈ లెక్క ప్రకారం చూస్తే కాదు. ఫాఫ్సాలో విద్యార్థి పేరు మీది ఆస్తిలో 20 శాతం చదువుకు వస్తుందని అనుకుంటారు. 5 లక్షలకు లక్ష. అదే తల్లిదండ్రుల పేరు మీద ఉంటే ఎక్కువలో ఎక్కువ 28,200. పిల్లలు ఇంకా ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో ఉంటే ఇక వేసే డిపాజిట్లు మీ పేరు మీదే వేసుకోండి. ఇప్పటికే పాప పేరు మీద ఉన్నది ఉన్నట్టు చూపించండి.

అత్తమ్మ మాతోనే ఉంటారు, మందుల ఖర్చు మాదే. ఇల్లు, కారు ఈఎంఐలు ఉన్నాయి. వీటిని ఎవరైనా పట్టించుకుంటారా?

అత్తమ్మను పట్టించుకుంటారు. ఆవిడ మీ ఇంట్లోనే ఉండి, ఆవిడ ఖర్చులో సగానికి పైగా మీరే భరిస్తుంటే ఫాఫ్సాలో కుటుంబ సభ్యురాలిగా చూపించవచ్చు. నలుగురు ఐదుగురవుతారు. 2024లో ఐదుగురికి పేదరిక రేఖ 36,580 డాలర్లు. అంటే పూర్తి పెల్ గ్రాంట్‌కు ఆదాయ పరిమితి 54,600 నుంచి 64,015కు జరుగుతుంది. సుమారు ఎనిమిది లక్షల రూపాయల తేడా. సీఎస్ఎస్‌లో అయితే ప్రత్యేక పరిస్థితుల గడిలో నెలకు మందులకు ఎంత, ఆసుపత్రికి ఎంత అన్నది అంకెలతో రాయండి. బిల్లులు దాచుకోండి.

కారు ఈఎంఐని, క్రెడిట్ కార్డు బాకీని ఫాఫ్సా తీసేయదు. మన ఇళ్లలో ఈఎంఐ పోగా మిగిలిందే జీతం అనుకుంటాం, వాళ్లు అలా అనుకోరు.

ఇద్దరు పిల్లలూ ఒకేసారి కాలేజీలో ఉంటే తగ్గింపు ఉందా?

ఫాఫ్సాలో 2024–25 నుంచి తీసేశారు. సీఎస్ఎస్ వాడే చాలా కాలేజీలు ఇప్పటికీ చూస్తాయి. పెద్దవాడు ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతుంటే ఆ ఫీజు రసీదులు పెట్టండి.

కన్సల్టెంట్ పొలం సంగతి రాయొద్దన్నారు. ఎవరికి తెలుస్తుందిలే అన్నారు.

మాకూ ఒకాయన ఇదే మాట చెప్పారు. ఆ సలహాకు ఫీజు కూడా తీసుకున్నారు. ఆ రాత్రి మా ఆయన, నేను చాలాసేపు మాట్లాడుకుని, మొత్తం రాసేశాం.

కాలేజీలు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్‌లు, ఇంగ్లీషులో లేని పత్రాలకు అనువాదాలు అడుగుతాయి. రిటర్న్‌లో వ్యవసాయ ఆదాయం కనిపించి ఫారంలో పొలం కనిపించకపోతే ప్రశ్న వస్తుంది. అబద్ధమని తేలితే గ్రాంట్‌తో పాటు సీటూ పోవచ్చు. పోగొట్టుకునేది పద్దెనిమిదేళ్ల పిల్ల. ఫారం కింద తన సంతకం ఉంటుంది.

## ఆఫర్ లెటర్ వచ్చాక

ఒక కాలేజీ 40,000 ఇస్తానంది, ఇంకోటి 28,000. మొదటిదే కదా మంచిది?

లెటర్ కింద రాసిన ఖర్చు కూడా చూడండి. మొదటి కాలేజీ ఖర్చు 90,000 అయితే మీరు కట్టేది 50,000, అంటే 42.5 లక్షలు. రెండోదాని ఖర్చు 61,000 అయితే మీరు కట్టేది 33,000, అంటే సుమారు 28 లక్షలు. తక్కువ గ్రాంట్ ఇచ్చిన కాలేజీ ఏడాదికి 14 లక్షలకు పైగా చవక. నాలుగేళ్లకు అది ఊళ్లో ఒక ఇల్లు.

కాగితం తీసుకుని మూడు వరుసలు గీయండి: మొత్తం ఖర్చు, తిరిగి కట్టక్కర్లేని డబ్బు, మిగిలింది. లెటర్‌లో "ఎయిడ్" అన్న శీర్షిక కింద లోను కూడా కలిపి రాస్తారు. లోను మీ అప్పు, దాన్ని రెండో వరుసలో వేయకండి. క్యాంపస్ ఉద్యోగం డబ్బు కూడా ముందు చేతికి రాదు, పని చేశాకే వస్తుంది. ఎఫ్‑1 విద్యార్థి వీసా మీద చదువు సాగేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయకూడదు.

ఖర్చు వరుసలో లేనివి కూడా కలుపుకోండి. చాలాచోట్ల ఆరోగ్య బీమా వేరు. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఫీజు 350, రెండూ కలిపి సుమారు 45 వేలు. విమానం టికెట్, చలి కోటు సరేసరి.

ఫారం పంపాక మా ఆయన ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఏం చేయాలి?

వెంటనే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు రాయండి. ఆగకండి. రెండేళ్ల కిందటి జీతం చూసి లెక్క కట్టారు కాబట్టి ఇప్పటి పరిస్థితి వాళ్లకు తెలియదు. అమెరికా పౌరుల విషయంలో ఆ అధికారికి అంకెలు సవరించే అధికారం చట్టమే ఇచ్చింది. విదేశీ విద్యార్థుల విషయంలోనూ చాలా కాలేజీలు మళ్లీ చూస్తాయి.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. ఉద్యోగం పోయిన తేదీ, అప్పటి జీతం, ఇప్పుడు ఇంట్లోకి వస్తున్నది, చేతికందిన సెటిల్‌మెంట్ సొమ్ము, జత చేసిన రిలీవింగ్ లెటర్. మా పాప బాగా చదువుతుంది, దయచేసి సాయం చేయండి అని రెండు పేజీలు రాసేవాళ్లున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ అధికారి మార్చగలిగేది అంకెలను. అంకెలివ్వండి.

బయట ఒక ట్రస్టు నుంచి 3 లక్షల స్కాలర్‌షిప్ వచ్చింది. కాలేజీకి చెప్పాలా?

చెప్పాలి. గ్రాంట్, బయటి డబ్బు కలిసి అవసరాన్ని మించకూడదు కాబట్టి కాలేజీ తన వైపు నుంచి కొంత తగ్గించవచ్చు. ముందు లోను, ఉద్యోగం వాటాలు తగ్గించి, ఆ తర్వాతే గ్రాంట్ ముట్టుకునే కాలేజీలు మేలు. ఒప్పుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

గ్రాంట్ మీద పన్ను ఉంటుందా?

ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలకు పోయే గ్రాంట్ మీద ఉండదు. హాస్టల్, భోజనానికి పోయే భాగం మీద ఉంటుంది. ఎఫ్‑1 వీసా మీద ఉన్నవాళ్లకు ఆ భాగంలో 14 శాతం కాలేజీయే పట్టుకుంటుంది. గ్రాంట్ 71,000 వచ్చి, ట్యూషన్, పుస్తకాలు 67,000 అయితే మిగిలిన 4,000 మీద 560 డాలర్లు.

భారత్–అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. చాలా దేశాల పిల్లలకు ఇది లేదు. కాబట్టి వేరే పెద్ద ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి ఆ 560 వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్న్ వేయకపోతే రాదు. ఎంతోమంది పిల్లలు వేయరు.

## చేరాక

మొదటి ఏడు ఇచ్చిన గ్రాంట్ నాలుగేళ్లూ ఉంటుందా?

చాలా కాలేజీలు ఏటా కొత్తగా ఫారాలు అడిగి మళ్లీ లెక్క కడతాయి. జీతం బాగా పెరిగినా, పొలం అమ్మినా, తమ్ముడి చదువు అయిపోయినా మొత్తం మారవచ్చు. అమ్మిన పొలం డబ్బు ఆ ఏడాది ఆదాయంలాగా కనిపిస్తుంది. అమ్మకం తప్పనిసరైతే డబ్బు ఎందుకు, ఎటు పోయిందో కాగితాలతో సహా వివరించండి. కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థులకు మొదటి ఏడు తేల్చిన మొత్తాన్నే నాలుగేళ్లకు ఖాయం చేస్తాయి. అక్కడ ఫీజు పెరిగితే ఆ పెరిగింది మీదే. చేరక ముందే ఏది వర్తిస్తుందో అడగండి.

మొదటి ఏడాది ఎలాగో కట్టేస్తాం. రెండో ఏడు అడగొచ్చా?

అమెరికా పౌరులు అడగవచ్చు. విదేశీ విద్యార్థి చేరేటప్పుడు అడగకపోతే తర్వాత మూడేళ్లూ అడగడానికి లేదని చాలా కాలేజీల్లో నిబంధన. ఒక్క ఏడాదికి సరిపడా డబ్బుతో, తర్వాత చూసుకుందాంలే అని పిల్లల్ని పంపకండి.

ఫీజు లేకుండా ఎవరిని అడగాలి?

మొదట ఆ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసునే. పిల్లవాడి పేరుతో పిల్లవాడే ఈమెయిల్ రాయాలి. జవాబిస్తారు. దరఖాస్తుకు ముందు కాలేజీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ వాడండి, గ్రాంట్ పోగా మీకు పడే ఖర్చును అది అంచనా కడుతుంది. అమెరికా ప్రభుత్వ విద్యార్థి సాయం పథకాల్లో ఉన్న కాలేజీలకు 2011 నుంచి అది తప్పనిసరి. ఎక్కువ భాగం అమెరికా కుటుంబాల కోసం తయారైనవే కాబట్టి మన పిల్లలకు అది ఉజ్జాయింపు మాత్రమే. చెన్నైలోని యూఎస్ఐఈఎఫ్ (అమెరికా–భారత్ విద్యా సంస్థ) ఆఫీసులో ఎడ్యుకేషన్‌యూఎస్ఏ అనే సలహా కేంద్రం సలహాదారులు ఉన్నారు. అమెరికా ప్రభుత్వ విదేశాంగ శాఖ మద్దతుతో నడిచేది, ఏ కాలేజీ నుంచీ కమీషన్ తీసుకోదు. మేం ఒక శనివారం రాత్రి కూర్చుని సందేహాలన్నీ రాసుకున్నాం. మొత్తం పదిహేడు. వాటిలో పన్నెండింటికి కాలేజీ వెబ్‌సైట్‌లోనే జవాబు దొరికింది, మిగతా ఐదూ పాప ఈమెయిల్‌లో అడిగింది.